ఈ ఫోను నాకు అమ్ము



దసరా ఇంకా నెలరోజులుందనగా సెల్‌ఫోన్ షోరూంల అద్దాల మీద ఒక కాగితం అంటిస్తారు. "సేల్స్‌కి అబ్బాయిలు, అమ్మాయిలు కావలెను. ఇంటర్ పాస్. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం." కింద ఒక ఫోన్ నంబరు. గుంటూరు బ్రాడీపేటలోనూ అంతే, విజయవాడ ఏలూరు రోడ్డులోనూ అంతే, హైదరాబాదు అబిడ్స్‌లోనూ అంతే. ఆ కాగితం చూసి, లోపలికి వెళ్లాలా వద్దా అని బయట తచ్చాడే పిల్లలకి పద్దెనిమిది, పందొమ్మిదేళ్లుంటాయి. ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరినవాళ్లు. ఫీజుకనో, బస్సు ఛార్జీలకనో, అస్తమానం ఇంట్లో చెయ్యి చాపలేకనో ఉద్యోగం చూసుకుంటున్నవాళ్లు. ఈ పూట నా మాటలు వాళ్లకోసం. వాళ్ల అమ్మానాన్నలు కూడా వింటే మంచిదే, వాళ్లతోనూ కొంచెం పనుంది.

నేను ఇలాంటి దుకాణంలో చాలా ఏళ్లు కౌంటరు వెనక నిలబడ్డాను. ఆ తర్వాత ఉద్యోగం కోసం వచ్చినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగాను. ఇప్పుడు మా అక్క కూతురు తెనాలి నుంచి గుంటూరుకి అలాంటి ఇంటర్వ్యూకే వెళ్లబోతోంది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చింది, చేతిలో ఒక లాంగ్ నోటుబుక్కు. "మావయ్యా, ఇందులోంచి ఏదైనా అడుగు, చెప్పేస్తాను" అంది.

తిప్పి చూశాను. ఫోను పేరు, దాని ప్రాసెసరు, ర్యామ్ ఎంత, వెనక కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ముందు కెమెరా ఎన్ని, బ్యాటరీ ఎంత, ధర ఎంత. గళ్లు కట్టి, రెండు రంగుల పెన్నులతో ఎంసెట్‌కి ఫార్ములాలు రాసుకున్నట్టు రాసుకుంది. పిల్ల కష్టపడింది, కాదనను. కానీ ఈ వివరాలన్నీ షోరూంలో ప్రతి ఫోను పక్కనా చీటీ మీద అచ్చేసి ఉంటాయి. పైగా ఏడాది తిరిగేసరికి ఆ మోడళ్లలో సగం బల్ల మీద కనపడవు. కాబట్టి మేనేజరుగారు ఈ పట్టిక అప్పజెప్పమని అడగరు. ఒకవేళ అడిగినా, ఒకటి రెండు తప్పులు పోయాయని ఇంటికి పంపరు. వాళ్లు చూసేది వేరే ఉంది. అదేంటో తెలియాలంటే ఈ దుకాణాల సంగతి కొంత తెలియాలి.

సంగీత మొబైల్స్ అని బోర్డులు చూస్తుంటారు కదా, ఆ సంస్థ 1974లో బెంగళూరులో గ్రామఫోన్ రికార్డులు అమ్మే కొట్టుగా మొదలైంది. హైదరాబాదులో బజాజ్ ఎలక్ట్రానిక్స్ 1980 నాటిది. బిగ్ సి 2002లో, జేబులో సెల్‌ఫోన్ ఉండటమే ఇంకా గొప్పగా ఉన్న రోజుల్లో వచ్చింది. టాటావాళ్ల క్రోమా 2006లో, రిలయన్స్ డిజిటల్ ఆ మరుసటి ఏడు మొదలయ్యాయి. అప్పట్లో కొనడానికి వచ్చినాయనకి ఫోను గురించి ఏమీ తెలిసేది కాదు. కౌంటరు వెనకున్నవాడు ఏది చెబితే అదే వేదవాక్కు. ఇప్పుడు వచ్చేవాళ్లు ముందురోజు రాత్రే తెలుగులో నాలుగు రివ్యూ వీడియోలు చూసి వస్తారు. మనం ధర చెబుతుండగానే మన ఎదురుగానే ఆన్‌లైన్లో ఎంతుందో తీసి చూపిస్తారు. మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు ఒక్కోసారి. వీళ్లొక రకం.

ఇంకో రకం వాళ్లకి ఏమీ తెలియదు, తెలియదని చెప్పుకోడానికి సిగ్గు. "మంచిది చూపించమ్మా" అంటారంతే.

ఇద్దరూ దుకాణానికే ఎందుకొస్తున్నారు మరి? చేత్తో పట్టుకు చూసుకోవచ్చని. వాయిదాల కాగితాలు అక్కడే పూర్తవుతాయని. పాత ఫోన్లో ఉన్న ఫొటోలూ నంబర్లూ కొత్తదాంట్లోకి ఎవరైనా ఎక్కించి పెడతారని. రేపు ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉంటాడని. అంటే దుకాణానికి కావలసింది ఆ మనిషి. ఇంటర్వ్యూలో వెతికేది వాణ్నే.

అందుకే నేను మా పిల్ల నోటుబుక్కు మూసేసి, నా ఫోను బల్ల మీద పెట్టి, "ఇది నాకు అమ్ము" అన్నాను. చాలా చోట్ల ఇంటర్వ్యూ దీంతోనే మొదలవుతుంది. కొందరు పెన్ను ఇస్తారు, కొందరు పవర్ బ్యాంకు ఇస్తారు, ఎక్కువమంది ఫోనే ఇస్తారు.

నేను కొనేవాణ్ని. "పదిహేను వేలల్లో మంచి ఫోను చూపించమ్మా" అన్నాను. అంతే, మొదలెట్టింది. "సార్, దీంట్లో ఎయిట్ జీబీ ర్యామ్, ఫిఫ్టీ మెగాపిక్సెల్ కెమెరా, ఫైవ్ థౌజండ్ ఎంఏహెచ్ బ్యాటరీ..." గుక్క తిప్పుకోలేదు. నేను గోడ గడియారం వంక చూశాను. మా పిల్ల కూడా చూసింది, ఇంకా వేగం పెంచింది.

ఆపించి, "నేనెవర్ని?" అన్నాను.

"మావయ్యవి."

"కాదు. ఇప్పుడు కొట్లోకి వచ్చినవాణ్ని. నేనెవర్నో నీకు తెలుసా?"

తెలియదంది. "తెలియనివాడికి ఏది మంచి ఫోనో నీకెలా తెలిసింది?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్లీ మొదట్నుంచీ చేద్దామంది. ఈసారి నన్ను అడిగింది, "కూర్చోండి సార్. ఫోను మీకేనా అండీ? ఇప్పుడేది వాడుతున్నారు? దాంతో ఇబ్బందేంటి?" అప్పుడు నేను చెప్పుకొచ్చాను. నేను మిర్చి యార్డులో గుమాస్తానని, పొద్దస్తమానం దుమ్ములో ఎండలో తిరుగుతానని, బస్తా కోసి శాంపిల్ కాయలు ఫొటో తీసి వాట్సాప్‌లో బయటూరి పార్టీలకి పంపుతానని, ఇప్పుడున్న ఫోన్లో ఎరుపు సరిగ్గా పడక "కాయ రంగు తగ్గిందేంటి" అని బేరం తెగ్గొడుతున్నారని. హమాలీల కేకల మధ్య రింగు వినపడదని కూడా చెప్పాను.

చూశారా, ఇక్కడ ర్యామ్ ఎంతైతే ఏం? ఈయనకి కావలసింది రంగు ఉన్నదున్నట్టు చూపించే కెమెరా, ఎండలో కూడా కనపడే స్క్రీను, గట్టిగా మోగే స్పీకరు, సాయంత్రం దాకా నిలిచే బ్యాటరీ. ఇంక ఫోను ఎంచడం ఎంతసేపు? బల్ల మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, రెండింటితోనూ ఒకే ఎర్రటి వస్తువు ఫొటో తీసి ఆయన చేతికిస్తే సరిపోతుంది. ఆయనే చెబుతాడు ఏది కావాలో.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. ఆపిల్ కంపెనీ తన మొదటి సొంత దుకాణాలు 2001 మే 19న తెరిచింది. వాటిలో ఒకటి అమెరికాలో వర్జీనియా రాష్ట్రం టైసన్స్ కార్నర్‌లో. అక్కడి సిబ్బందికిచ్చే శిక్షణలో కంపెనీ పేరులోని అయిదు అక్షరాలకీ అయిదు మెట్లు పెట్టారు. పలకరించడం, కూపీ లాగడం, చూపించడం, వినడం, సాగనంపడం. ఫోను చూపించడం మూడో మెట్టు. దానికి ముందు అడగడం ఉంది, తర్వాత వినడం ఉంది.  మన పాతకాలపు బట్టల కొట్టు గుమాస్తా చీర విప్పకముందే "పెళ్లికా అమ్మా, పెట్టుబడికా?" అని అడిగేవాడు. అదే విద్య.

అడగడం వచ్చాక, చెప్పడం. నోటుబుక్కులో సగం పనికొచ్చేది ఇక్కడే. కానీ అంకెని అంకెలా చెప్పకూడదు. ఐపీ 68 అని రాసుంది. ఏంటమ్మా అది అంటే, "నీళ్లలో పడ్డా ఏం కాదు" అంది. అలా అనకూడదు. అందులో 6 దుమ్ముకి సంబంధించింది, 8 నీళ్లకి. కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంతసేపు మామూలు నీళ్లలో తట్టుకుంటుందని దాని భావం. అంతమాత్రాన ఈత కొలనులోకి తీసుకెళ్లమని కాదు. పైగా నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీ సాధారణంగా వర్తించదు. రెండు ముక్కలూ చెప్పాలి. మొదటిదే చెప్పి అమ్మితే ఆయన వానాకాలంలో మళ్లీ వస్తాడు, ఈసారి కొనడానికి కాదు.

ఇలాంటివి కొన్ని తెలిసుంటే చాలు. "డబ్బాలో చార్జరు ఏదమ్మా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. 2020లో ఐఫోన్ 12తో ఆపిల్ డబ్బాలో చార్జరు పెట్టడం మానేసింది, తర్వాత మిగతా కంపెనీల్లో కొన్ని అదే దారి పట్టాయి. 2023లో ఐఫోన్ 15కి టైప్ సి పిన్ను వచ్చింది, కాబట్టి ఇంట్లో ఉన్న కేబులే పనికిరావచ్చు. ఫోన్లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనపడుతుంది. అది డబ్బా మీదా, బిల్లు మీదా ఉన్న నంబరుతో సరిపోవాలి. ఫోను పోతే దాన్ని పనిచేయకుండా ఆపించడానికి కేంద్రం 2023 మే నెలలో సంచార్ సాథీ అనే పోర్టల్ తెచ్చింది, అక్కడా ఈ నంబరే అడుగుతారు. ఇంటర్వ్యూలో ఇది చెప్పిన అమ్మాయిని నేనైతే తీసేసుకుంటాను. మోడళ్ల పేర్లు వల్లించేవాళ్లు బోలెడుమంది వస్తారు, బిల్లు జాగ్రత్త గురించి చెప్పేవాళ్లు ఎవరొస్తారు?

ఇక పిల్లలు అన్నిటికంటే భయపడే ప్రశ్న. "అనుభవం ఉందా?"

మా పిల్ల లేదని రాసుకుంది. నాకు నవ్వొచ్చింది. వాళ్లింట్లో ఫోను తాలూకు ఏ పనైనా అయిదారేళ్లుగా చేస్తున్నది ఎవరు? అదే. వాళ్ల నాన్న కొత్త ఫోను కొన్నప్పుడు పాతదాంట్లోని వాట్సాప్ మొత్తం కొత్తదాంట్లోకి తెచ్చింది అదే. పక్కింటావిడ కరెంటు బిల్లు ఫోన్లో కట్టిపెట్టేది అదే. ఇంటర్ అయ్యాక వీధిలో పిల్లలకి కాలేజీ వెబ్ ఆప్షన్లు పెట్టింది అదే. మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ, ఫోను పనిచెయ్యట్లేదని గోల చేస్తే, శుభోదయం బొమ్మలతో మెమరీ నిండిపోయిందని కనిపెట్టి, అవన్నీ తుడిచి, మళ్లీ నిండకుండా ఆటోమేటిక్ డౌన్‌లోడు ఆపేసింది కూడా ఇదే. అమ్మకి టైపు చెయ్యడం రాదు. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడి వదలమని నేర్పింది. ఒకసారి చెబితే ఆవిడకి పట్టుబడలేదు. విసుక్కోకుండా పదిసార్లు చెప్పింది. ఇప్పుడు మాకు రోజూ పొద్దున్నే వాయిస్ మెసేజీలు, కూరల ధరల దగ్గర్నుంచి.

షోరూంలో చేసేది ఇదే పని. జీతం ఇస్తారు, అంతే తేడా. కాబట్టి "అనుభవం లేదండీ" అనక్కర్లేదు. "దుకాణంలో పనిచెయ్యలేదండీ, కానీ..." అని మొదలుపెట్టి ఒక్క సంగతి చెప్పాలి. ఎవరికి ఇబ్బంది వచ్చింది, అదేంటి, నువ్వేం చేశావు, తర్వాత ఏమైంది. ఒక్కటి చాలు. మొత్తం రామాయణం వద్దు. అమ్మమ్మ సంగతే చెప్పమన్నాను. "అది చెబితే నవ్వరా?" అంది. ఇంటర్వ్యూ చేసే మేనేజరుకి కూడా ఇంట్లో ఒక అమ్మ ఉంటుంది కదా, నవ్వితే నవ్వనీ.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. మేనేజర్లలో గడుసువాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. "పన్నెండు వేల ఫోను కోసం వచ్చినాయన చేత పద్దెనిమిది వేలది కొనిపించగలవా?" ఓ అంటే మోసగత్తె అనుకుంటారేమోనని భయం, లేదంటే ఉద్యోగం రాదని భయం. నా మాటగా ఇలా చెప్పమంటాను. "ఆయన పనికి పన్నెండు వేలది చాలకపోతే ఎందుకు చాలదో చూపిస్తానండీ. చాలితే అదే ఇస్తాను. దాంతోపాటు కవరూ టెంపర్డ్ గ్లాసూ చూపిస్తాను." ఆ చివరి వాక్యం వినగానే మేనేజరు ముఖంలో మార్పు చూడండి. ఫోను మీద దుకాణానికి మిగిలేది తక్కువ, కవర్లూ గ్లాసులూ ఇయర్‌ఫోన్ల మీద ఎక్కువ. అది తెలిసిన పిల్ల అని అర్థమైపోతుంది. అబద్ధం ఆడనూ లేదు, వ్యాపారం పోగొట్టనూ లేదు.

కానీ నిజం చెప్పాలి కదా. కౌంటరు దగ్గర ఒత్తిడి ఉంటుంది. ఫలానా కంపెనీ ఫోను ఈ నెల ఇన్ని అమ్మితే ఇంత ఇన్సెంటివ్ అంటారు. నెలాఖరు వచ్చేసరికి చెయ్యి తనంతట తనే ఆ ఫోను మీదకి పోతుంది. ఆపిల్ దుకాణాల్లో సిబ్బందికి అమ్మకం మీద కమీషన్ పెట్టలేదంటే ఊరికే కాదు. మన దగ్గర ఆ పద్ధతి లేదు, ఉన్నదాంట్లోనే బతకాలి. ఆయన పనికి సరిపోయే ఫోన్లు రెండు మూడుంటాయి. వాటిలో ఇన్సెంటివ్ ఉన్నది ముందు చూపించు, తప్పులేదు. సరిపోనిదాన్ని అంటగట్టకు. గుంటూరు లాంటి ఊళ్లో కొన్నాయన మళ్లీ ఎదురుపడతాడు.

వాయిదాల గురించి అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. "నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదనా?" పద్దెనిమిది వేల ఫోను, ఆరు వాయిదాలు, నెలకి మూడు వేలు. పైకి వడ్డీ లేదు. నిజానికి ఆ వడ్డీని ఫోను కంపెనీయో దుకాణమో తగ్గింపు రూపంలో భరిస్తుంది. దాని పైన ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. వాయిదా తప్పితే జరిమానా, పైగా 300 నుంచి 900 దాకా ఉండే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఇది కొనేవాడికి సంతకానికి ముందే చెప్పాలి అని ఆ గదిలో అంటే నీ మాటకి బరువొస్తుంది.

ఒక చిన్న లెక్క కూడా ఇస్తారు. మా పిల్లకి ఇదిచ్చాను. బిల్లు మొత్తం 11,800, సెల్‌ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం, పన్ను ఎంత? టకటకా 11,800 మీద 18 శాతం కట్టి 2,124 అంది. పన్ను అందులోనే కలిసుందమ్మా అన్నాను. అసలు ధర 10,000, పన్ను 1,800. మళ్లీ చెయ్యక్కర్లేకుండా పట్టేసుకుంది. టీవీలూ ఏసీలూ అమ్మే షోరూం అయితే ఇంకో ముక్క తెలిసుండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీదా, 32 అంగుళాలు దాటిన టీవీల మీదా జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. కొనడానికి వచ్చినాయనకి అది తెలిసే ఉంటుంది.

ఇంగ్లీషు సంగతికి పెద్దగా ఆగను. గుంటూరులో కొనేవాళ్లు తెలుగే మాట్లాడతారు, హైదరాబాదులో కొంచెం హిందీ వస్తే లాభం. "మీ గురించి చెప్పండి" అనేది ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు నేర్చుకుంటే చాలు. అవి కూడా బట్టీ పట్టినట్టుంటే అడిగేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. తెలియని ప్రశ్న వస్తే "తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అనాలి. కౌంటరు దగ్గర తెలియనిది తెలిసినట్టు చెప్పినవాళ్లతో పడే తంటాలు మేనేజర్లకి బాగా తెలుసు, ఆ మాట విని వాళ్లు సంతోషిస్తారే గానీ తీసిపారెయ్యరు.

చివర్లో "నువ్వేమైనా అడుగుతావా?" అంటారు. మన పిల్లలు "ఏం లేదండీ" అని లేచి వచ్చేస్తారు. అక్కడే నష్టపోతారు. అడగాలి. నిదానంగా, మర్యాదగా అడగాలి.

మొదటిది, జీతం ఎవరిస్తారు? షోరూంలో ఒక కంపెనీ టీషర్టు వేసుకుని ఆ కంపెనీ ఫోన్లే చూపించేవాళ్లుంటారు చూశారా, వాళ్లని ప్రమోటర్లంటారు. వాళ్ల జీతం ఫోను కంపెనీదో, మధ్యలో ఉన్న ఏజెన్సీదో. దుకాణం ఉద్యోగమనుకుని చేరి, మూడు నెలలయ్యాక ఏజెన్సీ మారిందని తెలిసి తెల్లముఖం వేసినవాళ్లని చూశాను.

రెండోది, చేతికెంత? పదిహేను వేలంటారు. అదంతా బేసిక్ కిందే లెక్కేస్తే పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 పోతుంది. ఈఎస్ఐ ముప్పావు శాతం, అదొక 113. చేతికొచ్చేది 13,087. పోయింది పోవడం కాదు. పీఎఫ్‌లో దాదాపు అంతే యాజమాన్యం కూడా వేస్తుంది. ఈఎస్ఐ 21,000 లోపు జీతం వాళ్లకుంటుంది, జబ్బు చేస్తే ఆదుకుంటుంది. "ఈ రెండూ కడతారా అండీ?" అని అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కట్టకుండా పదిహేను వేలూ చేతిలో పెడతామంటే ఎక్కువొచ్చినట్టు కనపడుతుంది గానీ, ఒక్కసారి జ్వరమొచ్చి మంచాన పడితే లెక్క తిరగబడుతుంది.

మూడోది, ఇన్సెంటివ్ ఎప్పుడిస్తారు, టార్గెట్ అందకపోతే జీతంలో కోస్తారా? నాలుగోది, వారపు సెలవు ఏ రోజు? ఆదివారం ఉండదు, ఆశ పెట్టుకోవద్దు, ఆదివారమే వ్యాపారం. కానీ వారంలో ఒక రోజు సెలవు చట్టం ఇచ్చిన హక్కు. వారానికి 48 గంటలు దాటితే దాటిన గంటలకి రెట్టింపు కట్టాలి. నియామక పత్రం అడగండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు అది ఉద్యోగులందరికీ ఇవ్వాలంటున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమంటే జిరాక్సులు ఇస్తామని చెప్పండి. టెన్త్ మెమో తాకట్టు పెట్టి చెయ్యాల్సినంత గొప్ప ఉద్యోగం ఏ కౌంటరు దగ్గరా లేదు.

రోజంతా నిలబడే పని ఇది. మొదటి నెల పిక్కలు పీకేస్తాయి. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల సిబ్బందికి కూర్చోడానికి ఏర్పాటు చెయ్యాలని చట్టం సవరించాయి. మీరు ఇంటర్వ్యూలో ఆ చట్టం మాట ఎత్తమని కాదు. లోపలికి వెళ్లినప్పుడు కౌంటరు వెనక స్టూళ్లున్నాయో లేదో ఒక కన్నేసి చూడండి. యాజమాన్యం గురించి అది చాలా చెబుతుంది. మీరు మాత్రం కొత్త బూట్లకంటే అలవాటైన మెత్తటి బూట్లు చూసుకోండి.

ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ అని ఫోన్లో డబ్బు పంపమంటే, అది ఉద్యోగం కాదు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

అమ్మానాన్నలతో పనుందన్నాను. ఇంటర్వ్యూకి తోడు వెళ్లండి, బయటే ఉండండి. లోపలికి వచ్చి "మా పిల్ల చాలా బుద్ధిమంతురాలండీ" అని మీరు చెబితే, ఆ పిల్ల నోరు అక్కడే మూతపడుతుంది. దుకాణం మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, లెక్కలు చూసి బయటపడేసరికి ఇంకా ఆలస్యం. తెనాలికి ఆఖరి బస్సెప్పుడో, పండగ రోజుల్లో ఇంకెంత ఆలస్యమవుతుందో, ఆడపిల్లల్ని ఇంటిదాకా దింపే ఏర్పాటుందో లేదో ముందే కనుక్కోవాలి. ఇది మీ పిల్ల చేత అడిగించండి, మీరు అడక్కండి. అడిగినందుకు ఉద్యోగం ఇవ్వనన్నవాళ్ల దగ్గర చెయ్యకపోవడమే మేలు.

ఇంటర్వ్యూకి ముందు ఒక సాయంత్రం ఆ షోరూంకే మామూలుగా వెళ్లి కాసేపు తిరిగి రమ్మని మా పిల్లకి చెప్పాను. ఏ కంపెనీల ఫోన్లు ముందు వరసలో పెట్టారు, వచ్చినవాళ్లు ఎక్కువగా ఏం అడుగుతున్నారు, ఎంతమంది కొనకుండా వెళ్లిపోతున్నారు, ఎందుకు వెళ్లిపోతున్నారు. వెళ్లొచ్చి నోటుబుక్కులో కొత్త పేజీ మొదలెట్టింది. దాంట్లో మెగాపిక్సెళ్లు లేవు. "ఒక పెద్దాయన వచ్చి పావుగంట నిలబడ్డాడు, ఎవరూ పలకరించలేదు, వెళ్లిపోయాడు" అని రాసుకుంది.

వెళ్లేముందు ఒకటడిగింది. "ఈ ఉద్యోగం ఎందుకు చేద్దామనుకుంటున్నావు అంటే, డబ్బులకని చెప్పొచ్చా మావయ్యా?"

చెప్పొచ్చు. "డిగ్రీ ఫీజు నేనే కట్టుకుందామనుకుంటున్నానండీ, ఫోన్ల పని నాకు ఎలాగూ వచ్చు" అని రెండూ కలిపి చెప్పమన్నాను. టెక్నాలజీ అంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం అని చెప్పేవాళ్లు ఆ రోజు ఆ గదిలోకి చాలామంది వస్తారు. ఫీజు మాట చెప్పినామె సెలవులు పెట్టకుండా వస్తుందని మేనేజరు లెక్కేసుకుంటారు. డిగ్రీ పరీక్షలప్పుడు సెలవు దొరుకుతుందా అని ఆ సందులోనే అడిగేయమన్నాను.